ఎల్క్ వేటకు ఏ తూటా: 6.5 క్రీడ్‌మోరా, 7 ఎంఎం పీఆర్‌సీనా?

అనంత్, మారతహళ్ళి

అందరికీ నమస్కారం. మాది తాడిపత్రి. ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చి పదిహేనేళ్ళయింది. ఆరేళ్ళుగా ఆదివారాలు రేంజికి వెళ్ళి .22 రైఫిల్‌తో 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని) కాలుస్తున్నాను. నా అనుభవమంతా అదే. పెద్ద రైఫిల్ పట్టుకున్నది జీవితంలో ఒక్కసారి, అదీ ఐదు రౌండ్లు.

మా అక్కా బావా కొలరాడోలో ఉంటారు. రెండేళ్ళ కిందట వెళ్ళినప్పుడు బావ దగ్గరుండి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయించాడు. ఈ ఏడాది డ్రాలో నాకు ఆడ ఎల్క్ లైసెన్స్ వచ్చింది. సీజన్ అక్టోబరు చివర్లో. ఎల్క్ చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను, మన కణుజుకు పెద్దన్న లాంటి జంతువు. ఆడదే రెండు వందల కిలోలు దాటుతుంది.

ఇప్పుడు నా సమస్య. బావ దగ్గర 6.5 క్రీడ్‌మోర్ రైఫిల్ ఉంది. ఆయన తూటాలు కొనే షాపులో మనిషి "ఎల్క్‌కు ఇది చాలదు, 7 ఎంఎం పీఆర్‌సీ తీసుకోండి" అని పట్టుబడుతున్నాడట. బావ ఆఫీసులో ఇంకొకాయన తన .300 విన్‌మ్యాగ్ అరువు ఇస్తానంటున్నాడు. పెట్టెల మీద ఉన్న అంకెలు చూశాను. క్రీడ్‌మోర్‌లో 143 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువుకు వాడే చిన్న కొలత) బుల్లెట్ సెకనుకు 2,700 అడుగులు. విన్‌మ్యాగ్‌లో 200 గ్రెయిన్లు 2,850. పీఆర్‌సీలో 175 గ్రెయిన్లు 3,000. బావ రోజూ ఏదో ఒక వీడియో పంపిస్తాడు, అందులో ఎవరో 700 గజాల నుంచి ఎల్క్‌ను పడేస్తుంటారు. అవి చూసినకొద్దీ నాకు ఉత్సాహం కాదు, టెన్షన్ పెరుగుతోంది.

వేగం ఎంత ఎక్కువైతే అంత మంచిదా? నాలాంటివాడు ఎంత దూరం దాకా కాల్చవచ్చు? తెలిసినవాళ్ళు చెప్పండి. జంతువును బాధపెట్టి వదిలేసే పరిస్థితి రాకూడదు, నాకు అదే ముఖ్యం.

సూర్యం, బనశంకరి

అనంత్, నాకు 68 ఏళ్ళు, అందుకని చనువుగా నువ్వు అంటున్నాను. మాది మదనపల్లె. కొలరాడోలోని గ్రాండ్ జంక్షన్‌లో పదహారేళ్ళు ఉద్యోగం చేసి 2016లో వెనక్కి వచ్చేశాను. అక్కడ పదకొండు సీజన్లు ఎల్క్ వేటకు వెళ్ళాను. ఆరు ఇంటికి తెచ్చుకున్నాను. ఒకదాన్ని పాడుచేశాను. ముందు ఆ ఒక్కదాని గురించి చెబుతాను.

2009 నవంబరు. గ్రాండ్ మీసా అని మా ఊరి పక్కనే పదివేల అడుగుల ఎత్తున బల్లలా చదునుగా ఉండే కొండ. దాని అంచున ఒక లోయకు ఇవతల గట్టు మీద పడుకుని ఉన్నాను. చేతిలో .300 విన్‌మ్యాగ్. మోజుపడి కొని అప్పటికి రెండేళ్ళు. అవతలి గట్టు మీద ఆస్పెన్ చెట్ల పక్కన ఆడ ఎల్క్ అడ్డంగా నిలబడింది. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ 440 గజాలు చూపించింది. ఆ దూరానికి బుల్లెట్ ఎంత కిందికి దిగుతుందో రైఫిల్ మడమకు (భుజానికి ఆనే వెనక భాగానికి) అంటించుకున్న చీటీలో రాసి ఉంది. ఆ ప్రకారం స్కోప్ తిప్పాను. చెంపకు గాలి తగలడం లేదు. కాల్చాను.

నేను పడుకున్న చోట గాలి లేదు నిజమే. మధ్యలో లోయ వెంబడి మాత్రం గాలి లాగుతోంది. అది నాకు తెలియలేదు. ఊపిరితిత్తుల్లో తగలాల్సిన బుల్లెట్ జానెడు వెనక్కి, పొట్టలో తగిలింది. నేనూ నా స్నేహితుడూ మంచులో నెత్తురు చుక్కలు చూసుకుంటూ చీకటిపడేదాకా నడిచాం. దొరకలేదు. మర్నాడు పొద్దున దొరికింది. రాత్రి కోయోట్లు (నక్కల్లాంటి జంతువులు) తినేశాయి. నా ట్యాగ్ (లైసెన్స్‌తో వచ్చే, చంపిన జంతువుకు కట్టే చీటీ) దానికే కట్టి ఇంటికి వచ్చాను. మా ఆవిడ ఫ్రీజర్ ఖాళీ చేసి పెట్టి ఉంచింది. ఏమైందని అడిగితే రెండు రోజులు సరిగ్గా చెప్పలేకపోయాను.

ఆ రోజు నా తూటాకు వేగం తక్కువై ఆ తప్పు జరగలేదు. అక్కడ పీఆర్‌సీ ఉన్నా పొట్టలోనే తగిలేది.

లెక్క చూడు. 200 గజాలకు జీరో పెట్టుకుంటే, అంటే ఆ దూరంలో గురిపెట్టిన చోటే బుల్లెట్ తగిలేలా స్కోప్ సరిచేసుకుంటే, 500 గజాల దగ్గర క్రీడ్‌మోర్ బుల్లెట్ దాదాపు 45 అంగుళాలు కిందికి దిగుతుంది. పీఆర్‌సీది 35 దాకా దిగుతుంది. పది అంగుళాలు కలిసొచ్చాయి కదా అనిపిస్తుంది. కానీ ఈ దిగడం అనేది ముందే తెలిసే విషయం. దూరం కొలిచే యంత్రం జేబులో ఉంటుంది, చీటీ ఉంటుంది, స్కోప్ తిప్పుకుంటావు. 45 అయినా 35 అయినా తిప్పాల్సిన క్లిక్కులు మారతాయి, అంతే. అడ్డగాలి సంగతి అలా కాదు. గంటకు పది మైళ్ళ అడ్డగాలికి అదే 500 గజాల దగ్గర క్రీడ్‌మోర్ 14 అంగుళాలు పక్కకు జరుగుతుంది, పీఆర్‌సీ 11. విన్‌మ్యాగ్‌లో ఆ 200 గ్రెయిన్లది ఇంచుమించు క్రీడ్‌మోర్ లెక్కే. అంటే కొత్త రైఫిల్ కొంటే నీకు దక్కేది మూడు అంగుళాలు. గాలిని ఐదు మైళ్ళు తప్పుగా అంచనా వేస్తే పోయేది ఆరేడు అంగుళాలు. లోయకు అవతల గాలి పదా, ఐదా అని ఇవతల పడుకుని కచ్చితంగా చెప్పగలిగిన మనిషిని నేను ఇన్నేళ్ళలో చూడలేదు.

అలాగని వేగం వద్దని నేను అనడం లేదు. వేటలో అది పనికొచ్చేది బుల్లెట్ జంతువును తాకే క్షణంలో. వేట బుల్లెట్ లోపలికి వెళ్ళాక పుట్టగొడుగులా విచ్చుకోవాలి. చాలావాటికి అలా విచ్చుకోవడానికి తాకేటప్పుడు కనీసం 1,800 అడుగుల వేగం ఉండాలి. పూర్తి రాగితో చేసినవి గట్టిగా ఉంటాయి కాబట్టి వాటికి ఇంకాస్త ఎక్కువే ఉండటం మేలు. క్రీడ్‌మోర్ 143 గ్రెయిన్ల బుల్లెట్ 500 గజాల దగ్గర 2,030 దరిదాపుల్లో ఉంటుంది. విచ్చుకుంటుంది. కానీ ఎల్క్‌కు 1,500 ఫుట్‌పౌండ్ల శక్తి ఉండాలని అక్కడి పాత వేటగాళ్ళు ఒక మోటు లెక్క చెబుతారు. ఆ లెక్కకు క్రీడ్‌మోర్ 400 గజాలు రాకముందే కిందికి దిగిపోతుంది. పీఆర్‌సీ 500 దగ్గర కూడా 2,000 ఫుట్‌పౌండ్ల పైన నిలుస్తుంది. షాపు మనిషి చెప్పినదాంట్లో ఉన్న నిజం ఇంతే. 400 దాటి కాల్చేవాడికి ఆ తేడా అవసరం. నువ్వు 400 దాటి కాల్చకూడదు.

బయలుదేరినప్పటి వేగం చూసి మురిసిపోకూడదని చెప్పడానికి .220 స్విఫ్ట్ మంచి ఉదాహరణ. 1935లోనే వించెస్టర్ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. ఫ్యాక్టరీ తూటాల్లో 4,000 అడుగులు దాటిన మొదటిది అదే. బుల్లెట్ మాత్రం 48 గ్రెయిన్లు. అంత తేలికది గాలిని చీల్చుకుంటూ పోలేదు, వేగం అంతా దారిలోనే కరిగిపోతుంది. చిన్న జంతువులకు సరే. కొలరాడోలో ఎల్క్‌కు అది చట్టప్రకారమే పనికిరాదు. అక్కడ పెద్ద జంతువులకు కనీసం .24 క్యాలిబర్ (అంగుళాల్లో బుల్లెట్ వెడల్పు) ఉండాలి, ఎల్క్‌కు విచ్చుకునే బుల్లెట్ 85 గ్రెయిన్లకు తగ్గకూడదు, 100 గజాల దగ్గర 1,000 ఫుట్‌పౌండ్ల శక్తి ఉండాలి. క్రీడ్‌మోర్ వీటన్నిటినీ సులభంగా దాటుతుంది.

ఇక తన్ను. ఎనిమిదిన్నర పౌండ్ల రైఫిల్‌లో క్రీడ్‌మోర్ భుజానికిచ్చే దెబ్బకు విన్‌మ్యాగ్‌ది రెట్టింపు కంటే ఎక్కువ. .22కు అలవాటుపడ్డ భుజం నీది. మూడో రౌండ్‌కే ట్రిగ్గర్ నొక్కే ముందు కళ్ళు మూసుకోవడం మొదలవుతుంది. నీకు తెలియకుండానే జరుగుతుంది. నాకు జరిగింది. రైఫిల్ చెడిపోయిందనుకుని స్కోప్ మార్చాను కూడా.

ఆ తర్వాతి ఏడాది విన్‌మ్యాగ్ అమ్మేసి .270 వించెస్టర్ కొన్నాను. 1925 నాటి తూటా. నాకు మిగిలిన సీజన్లన్నీ దాంతోనే, 300 గజాలు దాటి ఒక్కసారి కూడా కాల్చలేదు. మీ బావ క్రీడ్‌మోర్ తీసుకో. పక్కటెముకలు దాటి లోపలికి వెళ్ళే గట్టి బుల్లెట్ ఎంచుకో, దాని రెండు పెట్టెలు కొను. కొత్త రైఫిల్ కొనకుండా మిగిలిన డబ్బుతో మంచి బూట్లు కొను. పదివేల అడుగుల ఎత్తులో ఊపిరి అందక ఆయాసపడుతూ కాల్చాల్సి వస్తుంది. 50 గజాలు దగ్గరికి నడిచి వెళ్ళగలిగిన కాళ్ళు ఏ మ్యాగ్నమ్ కంటే మేలు.

భాను, అడయార్

సూర్యం గారు చెప్పిన గాలి లెక్క ఎక్కడినుంచి వస్తుందో చెబుతాను. నేను చెన్నైలో కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను, నేను కూడా .22 ప్రోన్ షూటర్‌నే.

బుల్లెట్ ఎంతసేపు గాలిలో ఉంది అన్నదాన్నిబట్టి అది పక్కకు జరుగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి చూడాల్సింది ఆలస్యాన్ని. 500 గజాలంటే 1,500 అడుగులు. గాలే లేని చోట 2,700 అడుగుల వేగంతో వెళ్ళే బుల్లెట్‌కు 0.556 సెకన్లు పడుతుంది. గాలిలో వెళ్తే సుమారు 0.636. ఆలస్యం 0.08 సెకను. గంటకు పది మైళ్ళంటే సెకనుకు 14.7 అడుగులు. రెండూ గుణిస్తే 1.18 అడుగులు, అంటే 14 అంగుళాలు. అంతే లెక్క. వేగంతో పాటు బుల్లెట్ ఆకారం, బరువు ఎందుకు ముఖ్యమో ఇందులోనే తెలిసిపోతుంది. సన్నగా, పొడుగ్గా, బరువుగా ఉన్నది గాలికి తక్కువ ఆలస్యమవుతుంది. వేగంగా బయలుదేరిన మొద్దు బుల్లెట్ కంటే కాస్త నెమ్మదిగా బయలుదేరిన సన్న బుల్లెట్ గాలికి తక్కువ జరగడం అందుకే.

ఇంకొకటి. ఇవన్నీ మా చెన్నై లాంటి సముద్రమట్టపు లెక్కలు. తొమ్మిది వేల అడుగుల ఎత్తులో గాలి సాంద్రత ఐదో వంతుకు పైగానే తగ్గుతుంది. జరగడం, దిగడం రెండూ తగ్గుతాయి. అందుకని అక్కడికి వెళ్ళాక ఆ ఎత్తులోనే జీరో సరిచూసుకోండి, బుల్లెట్ లెక్కలు కట్టే యాప్ వాడితే ఎత్తు, ఉష్ణోగ్రత అక్కడివే పెట్టండి.

అలాగే పెట్టె మీద వేగం సాధారణంగా 24 అంగుళాల బ్యారెల్‌తో కొలిచినది. బ్యారెల్ ఒక్కో అంగుళం తగ్గితే పాతిక అడుగుల దాకా వేగం పోతుంది. మీ బావగారి బ్యారెల్ ఎంతో కనుక్కోండి. వీలైతే బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌తో కొలిపించండి.

బెంగళూరులో పెద్ద రైఫిల్ దొరకదు కాబట్టి ఇక్కడ ఏం చెయ్యగలరో చెబుతాను. ప్రోన్ మానేసి కూర్చుని, మోకాలి మీద, బ్యాగ్ మీద ఆనించి కాల్చడం నేర్చుకోండి. కొండల్లో గడ్డి, పొదలు అడ్డొస్తాయి, పడుకుని కాల్చే వీలు చాలాసార్లు దొరకదు. ఇంట్లో .177 ఎయిర్ రైఫిల్ ఉంటే రోజూ రాత్రి ఇరవై ఖాళీ ట్రిగ్గర్లు, అంటే గుండు పెట్టకుండా గురిచూసి నొక్కడం. మూడంతస్తుల మెట్లు ఎక్కి వచ్చి, ఆయాసం తగ్గకముందే గురిపెట్టి చూడండి. మొదటి వారం నాకే ఏడుపొచ్చింది.

కిరణ్, విజయనగర్

అనంత్ అన్నా, కోపం తెచ్చుకోవద్దు. మన దేశంలో 1972 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టం ఉంది, వేట నేరం. అంత దూరం వెళ్ళి ఒక జంతువును చంపడం అవసరమా? మటన్ షాపు ఇక్కడే ఉంది కదా. నిజంగా అర్థంకాక అడుగుతున్నాను.

సూర్యం, బనశంకరి

కిరణ్ బాబూ, నువ్వు అడిగింది సరైన ప్రశ్నే. మన అడవుల్లో జంతువులు మిగిలినవి తక్కువ, ఇక్కడ నిషేధం సరైనదే. నేను ఇక్కడికి వచ్చాక రైఫిల్ ముట్టుకోలేదు. అక్కడ పరిస్థితి వేరు. అమెరికాలో ఎల్క్ అన్నిటికంటే ఎక్కువ ఉన్నది కొలరాడోలోనే. వాటిని తినే తోడేళ్ళను ఎనభై ఏళ్ళ కిందటే తుడిచిపెట్టేశారు, 2023 డిసెంబరులో పది తోడేళ్ళను తెచ్చి మళ్ళీ వదిలారు. ఏ ప్రాంతంలో ఎన్ని లైసెన్సులు ఇవ్వాలో ప్రభుత్వం మందలను లెక్కపెట్టి నిర్ణయిస్తుంది. పైగా అక్కడ రైఫిళ్ళ మీద, తూటాల మీద 11 శాతం పన్ను ఉంది, 1937లో చేసిన చట్టం. ఆ డబ్బు రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకే వెళ్తుంది. ఇంతా చెప్పాక, నీకు చంపడం ఇష్టం లేకపోతే దానికి నా దగ్గర సమాధానం లేదు. అది నీ మనసు. మా ఆవిడా ఒక్కసారి కూడా నాతో రాలేదు. మాంసం మాత్రం ఆవిడే వండేది, అల్లం వెల్లుల్లి దట్టించి, చిన్నమంట మీద మూడు గంటలు.

అనంత్, మారతహళ్ళి

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. మీరు చెప్పినవన్నీ చేసి చూశాకే రాద్దామని ఆగాను.

కిరణ్, నాకు కోపం లేదు. నువ్వు అడిగినది మా అమ్మ కూడా అడిగింది. ఏడాదికి నేను తినే మాంసం ఎక్కడినుంచి వస్తుందో ఒక్కసారైనా నా చేత్తో తెలుసుకోవాలని ఉంది. తప్పో ఒప్పో తెలియదు, కారణం మాత్రం అదే.

బావతో మాట్లాడాను. బ్యారెల్ 22 అంగుళాలట. ఆయన దగ్గర క్రోనోగ్రాఫ్ లేదు, రేంజిలో ఒకాయన తెచ్చి కొలిచాడు. అదే 143 గ్రెయిన్ల తూటా, ఐదు రౌండ్ల సగటు 2,648. భాను గారు చెప్పినట్టే యాభై తక్కువ. 700 గజాల వీడియోలు పంపడం ఆపమని బావకు నేరుగా చెప్పేశాను. కాసేపు ఉడుక్కున్నాడు. సూర్యం గారి లోయ సంగతి చదివి వినిపిస్తే ఏమీ మాట్లాడలేదు. మర్నాడు ఫోన్ చేసి, తను కూడా ఒక దుప్పిని అలాగే పోగొట్టుకున్నానని చెప్పాడు. ఆరేళ్ళలో నాకు ఎప్పుడూ చెప్పలేదు.

మా రేంజిలో 50 మీటర్ల దగ్గర పేపర్ ప్లేట్ పెట్టి కూర్చుని కాల్చాను. ప్రోన్‌లో రూపాయి బిళ్ళంత గ్రూప్ (బుల్లెట్లు పడ్డ చోట్ల మొత్తం వెడల్పు) వచ్చే నాకు, కూర్చుంటే అరచేయంత వచ్చింది. మెట్లెక్కి వచ్చి కాలిస్తే ప్లేటంతా పరుచుకుంది. ఇప్పుడు మూడు వారాల తర్వాత మళ్ళీ అరచేతికి తగ్గింది. ఇదే గ్రూప్‌ను నాలుగింతల దూరానికి లెక్క వేసుకుంటే 200 గజాలు దాటగానే ఎల్క్ గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు దాటిపోతోంది. మీరు 300 దాటి కాల్చలేదన్నారు సూర్యం గారూ, నేను దానికి కూడా ఇంకా తగను. అందుకని 200 అని రాసి రైఫిల్ మడమకు అంటించమని బావకు చెప్పాను. అక్కడికి పది రోజులు ముందే వెళ్తున్నాను. ఆ పది రోజుల్లో గ్రూప్ తగ్గితే చీటీ మారుస్తాను.

తూటా క్రీడ్‌మోరే. మూడు పెట్టెలు బావ ఒకే లాట్‌లోవి (ఒకే విడతలో తయారైనవి) కొన్నాడు.

భాను, అడయార్

200 మంచి నిర్ణయం. అరచేయి అని కాకుండా స్కేలు పెట్టి కొలవండి. రోజువారీ అంకెలు ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటే ఏ రోజు ఎందుకు చెడిందో తెలుస్తుంది.

సూర్యం, బనశంకరి

సంతోషం అనంత్. 200 గజాల లోపలికి వెళ్ళాలంటే పొద్దున గాలి ఎటు వీస్తోందో చూసుకుని ఎదురుగాలిలో నడవాలి. ఎల్క్‌కు కళ్ళకంటే ముక్కు చురుకు. నారింజ రంగు జాకెట్, టోపీ మర్చిపోవద్దు, 500 చదరపు అంగుళాలకు తక్కువుంటే ఫైన్ వేస్తారు. నువ్వు టూరిస్ట్ వీసా మీద వెళ్తున్నావు కాబట్టి వేట లైసెన్స్ కాగితం రేంజికి వెళ్ళేటప్పుడు కూడా జేబులో ఉండాలి. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నీ చేతికి తుపాకీ ఇవ్వడానికి ఆధారం ఆ కాగితమే.

తిరుగు ప్రయాణానికి ముందు ఒక పని తప్పకుండా చెయ్యి. జాకెట్ జేబులు, ప్యాంటు జేబులు, బ్యాగ్ అడుగున ఉన్న చిన్న అరలు, అన్నీ నేల మీద బోర్లించి దులుపు. ఒక్క తూటా దొరికినా ఇక్కడి ఎయిర్‌పోర్టులో ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. గుర్తుగా ఉంచుకుందామని ఖాళీ గొట్టం కూడా తేవద్దు, వాదించుకుంటూ రాత్రంతా అక్కడే కూర్చోవాల్సి వస్తుంది. వెళ్ళేటప్పుడు ఇక్కడి నుంచి తీసుకెళ్ళే .22 బ్యాగ్‌ను కూడా అలాగే దులుపు. అసలు ఆ బ్యాగే వద్దు, కొత్తది తీసుకెళ్ళు.